చికెన్ కట్లెట్లు తిన్నాక బాబుకు విరేచనాలు: ఇంట్లో మిగిలిన మాత్రలు వేయొచ్చా?

డాక్టర్ సలహా

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పోయిన ఆదివారం పాతపట్నం నుంచి మా ఆడపడుచు వాళ్లు వస్తే చికెన్ కైమా కొట్టించి ఇంట్లోనే కట్లెట్లు చేశాను. నూనెలో విడిపోతుంటే గుడ్డు కలిపి, మంట పెంచి ఎర్రగా వేయించాను. లోపల కాస్త గులాబీ రంగుగానే ఉంది. మంగళవారం నుంచి మూడేళ్ల మా బాబుకు జ్వరం, విరేచనాలు. వేడి చేసిందని అన్నం మానిపించి పల్చటి గంజి పట్టాం. మందుల షాపులో మోషన్లు ఆగే మాత్ర ఇస్తే సగం వేశాం. మా ఆయనకు నిరుడు రాసిన యాంటీబయాటిక్ మిగిలి ఉంటే అది కూడా రెండు రోజులు సగం సగం ఇచ్చాం. ఇప్పుడు తగ్గింది కానీ డల్‌గా ఉంటున్నాడు. గుడ్డు పడలేదంటారా? కట్లెట్లు విడిపోకుండా ఇంకేం కలపాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి చూద్దాం. విరేచనాలు తగ్గాక కూడా పిల్లాడు డల్‌గా ఉన్నాడంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఒంట్లో నీరు, లవణాలు తగ్గి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ ఇంకా ఉండొచ్చు. వేసిన మాత్రల వల్ల కూడా కావచ్చు. బాబును చూడకుండా ఫలానా అని నేను తేల్చి చెప్పలేను. ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, పొట్ట ఉబ్బినా, లేపితే మత్తుగా మళ్లీ పడుకుంటున్నా ఓపీ టైం కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ సగం మాత్రలు. గుణుపురం నుంచి వచ్చినా, ఇచ్ఛాపురం నుంచి వచ్చినా "షాపులో అడిగి వేశాం సార్" అనే మాట వింటూనే ఉంటాను. మోషన్లు ఆపే మాత్ర పేగు కదలికను తగ్గిస్తుంది, అంతే. క్రిమిని చంపదు. బయటికి పోవాల్సింది లోపలే నిలిచిపోతుంది. జ్వరంతో వచ్చే విరేచనాల్లో చిన్నపిల్లలకు అది వేస్తే పేగులు స్తంభించే ప్రమాదం ఉంది. ఇక యాంటీబయాటిక్. పెద్దవాళ్ల మాత్రను సగానికి విరిస్తే పిల్లల డోసు అయిపోదు, బరువు చూసి లెక్క కడతాం. పిల్లల విరేచనాల్లో చాలావాటికి అసలు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా లాంటి వాటితో వచ్చిన విరేచనాల్లో అనవసరంగా ఇస్తే ఆ క్రిమి మలంలో ఇంకా ఎక్కువ రోజులు పోతుంది. పైగా రెండు రోజులు వేసి ఆపేశాక మల పరీక్ష చేయించినా క్రిమి దొరక్కపోవచ్చు. దయచేసి మిగిలిన మాత్రలు ఇంట్లో దాచకండి.

లంఖణం కూడా పెట్టకూడదమ్మా. విరేచనాలప్పుడు కూడా పిల్లలు తినాలి: మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు. అన్నిటికంటే ముందు ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసులో ఒక చెంచా వేసి, మిగతాది మడిచి డబ్బాలో పెట్టే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. అలా చేస్తే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటల తర్వాత పారబోయండి. ఈ వయసుకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు ఇస్తాం. అది కూడా డాక్టరు చూశాకే మొదలుపెట్టండి.

గుడ్డు పడకపోతే సాధారణంగా నిమిషాల్లోనో, రెండు గంటల లోపో దద్దుర్లు, వాపు, వాంతులు వస్తాయి. రెండు రోజుల తర్వాత జ్వరంతో మొదలైందంటే ఇన్ఫెక్షన్‌నే ఎక్కువ అనుమానిస్తాను. వేడి చేయడం కాదు. కట్లెట్టే కారణమని ఖాయంగా అనలేను, నీళ్లు కూడా కావచ్చు. కానీ లోపల పచ్చిగా ఉన్న కైమా మీద అనుమానం రావడం సహజమే. ముక్క చికెన్‌కు క్రిములు ఎక్కువగా పైపైన ఉంటాయి. కైమా కొట్టాక అవి లోపలిదాకా కలిసిపోతాయి. పెద్ద మంట మీద పైన ఎర్రబడుతుంది, మధ్యలో వేడి చేరదు. మధ్యభాగం 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితేనే భద్రం. రంగు చూసి ఉడికిందని నమ్మకండి.

కట్లెట్ విడిపోవడానికి సాధారణంగా తడే కారణం. కైమాను ముందే బాణలిలో నీరంతా ఇగిరిపోయేదాకా పూర్తిగా ఉడికించండి. చల్లారాక ఉడికించిన బంగాళాదుంప, బ్రెడ్ పొడి కలిపి పల్చగా ఒత్తి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి వేయించండి. గుడ్డు లేకపోయినా నిలుస్తుంది, పచ్చి మిగిలిందేమోనన్న భయమూ ఉండదు. ఉప్పు చూడటానికి పచ్చి కైమా నాలుక మీద పెట్టకండి. చికెన్‌ను కుళాయి కింద కడిగితే నీళ్లు చింది సింకు, పక్కనున్న గిన్నెలు అన్నిటికీ క్రిములు అంటుతాయి. ఆ కత్తిపీటతోనే కీరా, ఉల్లిపాయ తరగకండి. మీ ఇంట్లో ఇంకొన్ని వారాలు బాబును కడిగిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి వెళ్లండి. తగ్గిన తర్వాత కూడా మలంలో క్రిములు పోతూ ఉంటాయి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ రెండు మాత్రల అట్టలూ పట్టుకెళ్లండి. ఏ రోజు, ఎన్నిసార్లు వేశారో దాచకుండా చెప్పండి.