192 ఎక్కడి నుంచి వచ్చింది? ఒక ప్రింటర్ నేర్పిన సబ్‌నెట్టింగ్

255.255.255.192 అనే సబ్‌నెట్ మాస్క్‌లో (ఐపీ అడ్రస్‌లో నెట్‌వర్క్ వాటా ఎంతో చెప్పే అంకెలు) ఆ 192 ఎక్కడి నుంచి ఊడిపడింది, 192.168.10.0 స్లాష్ 24ని నాలుగు డిపార్ట్‌మెంట్లకు ఎలా పంచాలి, దానికి వీల్యాన్ (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా విడగొట్టే ఏర్పాటు) కూడా కావాలా అని అడిగారు.

అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో ఈ లెక్కలు కాగితం మీద గడగడా చేసేసేవాణ్ణి. ఉద్యోగంలో చేరి, ఒక ప్రింటర్ దగ్గర బోర్లా పడ్డాకే అసలు సంగతి తలకెక్కింది. ముందు లెక్క చెప్పేస్తాను, అది చిన్నదే.

సబ్‌నెట్టింగ్ అంటే ఒక నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలు (సబ్‌నెట్లు) చేయడం. ఇలాంటి (IPv4) ఐపీ అడ్రస్‌కి 32 బిట్లు, నాలుగు అంకెల్లో ఒక్కోదానికి 8. స్లాష్ 24 అంటే మొదటి 24 నెట్‌వర్క్‌వి, మిగతా 8 మెషీన్లవి. నాలుగు ముక్కలు కావాలంటే మెషీన్ల వాటాలోంచి రెండు బిట్లు లాక్కోవాలి. అప్పుడు స్లాష్ 26 అవుతుంది. మాస్క్‌లో నెట్‌వర్క్ బిట్లన్నీ 1లే. చివరి అంకెలో ఎడమవైపు ఉన్న ఆ రెండు బిట్ల విలువ 128, 64. కలిపితే 192. 256లోంచి 192 తీసేస్తే 64, ఒక్కో ముక్క సైజు అదే. అంటే ముక్కలు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. ప్రతిదాంట్లో మొదటి అడ్రస్ నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి (ముక్కలో అందరికీ ఒకేసారి పంపడానికి) పోగా 62 మిగులుతాయి. అందులోనే గేట్‌వేకి (ముక్క బయటికి దారి ఇచ్చే రూటర్‌కి) ఒకటి.

ఇక ప్రింటర్ సంగతి. ఒక ఆఫీసులో సరిగ్గా ఇలాగే నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని వేరే వీల్యాన్‌లో పెట్టాను. అకౌంట్స్ వాళ్లది 64 ముక్క, ప్రింటర్ 128 ముక్కలో 130 అడ్రస్‌తో ఉంది. మర్నాడు పొద్దున్నే అకౌంట్స్ మేడమ్ ఫోన్: "నిన్నటిదాకా బానే వచ్చింది బాబూ, నువ్వొచ్చి ముట్టుకున్నాకే పోయింది." ప్రింటర్ ఉన్న ముక్కలోవాళ్లకు ప్రింట్ వస్తోంది, అకౌంట్స్‌కి మాత్రం రావట్లేదు. రూటర్ నుంచి పింగ్ చేస్తే ('ఉన్నావా' అని అడిగితే) ప్రింటర్ పలుకుతోంది. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్ట్ మార్చాను. మధ్యాహ్నం దాకా అదే పని.

చివరికి ప్రింటర్ సెట్టింగ్స్ పేజీ ప్రింట్ తీస్తే అందులో ఉంది: సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. కంప్యూటర్లన్నీ డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు దానంతటదే పంచే ఏర్పాటు) నుంచి కొత్త మాస్క్ తీసుకున్నాయి. ప్రింటర్‌కి చేత్తో ఐపీ పెట్టాం కదా, గేట్‌వే మార్చి మాస్క్ మార్చడం మర్చిపోయాను.

ఇక్కడ జరిగింది చూడండి. అకౌంట్స్ కంప్యూటర్ 70 దగ్గర ఉంది. దాని మాస్క్ 192. 70ని బిట్లలో రాస్తే 01000110, మాస్క్ ఉంచేది మొదటి రెండు బిట్లే, అంటే 64. 130 అంటే 10000010, అది 128. 'ఇది మన వీధి కాదు' అని రూటర్‌కి ఇచ్చింది, రూటర్ ప్రింటర్‌కి చేర్చింది. ఇంతవరకూ బానే ఉంది. ప్రింటర్ జవాబివ్వబోయి తన పాత మాస్క్‌తో చూసుకుంది. మొదటి మూడు అంకెలూ ఒకటే కాబట్టి 70 పక్కింటివాడే అనుకుని, గేట్‌వే మొహం చూడకుండా 'ఎవరయ్యా 70?' అని తన వీధిలోనే కేకేసింది. ఆ కేక రూటర్ దాటదు. జవాబు అక్కడే ఆగిపోయింది. మాస్క్ అనేది ఎక్కడో నెట్‌వర్క్‌కి తగిలించే బోర్డు కాదని నాకు ఆ రోజే అర్థమైంది. ప్రతి మెషీనూ తన దగ్గరున్న మాస్క్‌తోనే లోపలా బయటా అని తేల్చుకుంటుంది. అందుకే పంచే ముందు, చేత్తో ఐపీ పెట్టినవన్నీ (ప్రింటర్లు, సీసీ కెమెరాల డీవీఆర్, హాజరు మెషీన్) ఒక కాగితం మీద రాసుకోండి.

మీ డిపార్ట్‌మెంట్లు సమానంగా లేకపోతే నాలుగు సమాన వాటాలు వేయకండి. 100, 50, 25 మంది ఉంటే పెద్దవాళ్లతో మొదలుపెట్టండి: 0 నుంచి స్లాష్ 25, 128 నుంచి స్లాష్ 26, 192 నుంచి స్లాష్ 27. ఇంకా 224 నుంచి పైన ఖాళీయే. చిన్నది ముందు పెట్టి 0–31 ఇచ్చేస్తే, 64 సైజు ముక్క 32 దగ్గర మొదలవదు, 64కి దూకాలి. మధ్యలో బొక్క పడుతుంది.

వీల్యాన్ కావాలి. ఒకే స్విచ్‌లో వీల్యాన్ లేకుండా నాలుగు సబ్‌నెట్లు నడుస్తాయి కానీ, బ్రాడ్‌కాస్ట్ అన్ని పోర్టులకూ వెళ్తూనే ఉంటుంది. పైగా ఎవరైనా తన ఐపీ చేత్తో మార్చుకుంటే చాలు, అకౌంట్స్ వీధిలో వచ్చి కూర్చుంటాడు.