అక్షరాలు గీస్తే బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఖాళీ దొరికితే చాలు, ఫ్యాషన్ పత్రికల మీద ఉండే ఏటవాలు ఇంగ్లిష్ అక్షరాలు గీస్తూ కూర్చుంటోంది. ఫాంట్ల డిజైన్ చదువుతానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, బ్రాడీపేట

జవాబు: బతుకుదెరువు ఉందమ్మా. కాకపోతే అందంగా గీయడం ఒక్కటే చాలదు. ఏ అక్షరం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ చెడిపోతుందో తెలియాలి.

మీరు చెప్పినదాన్నిబట్టి అది బొడోని, దీదో తరహా ఇటాలిక్ (ఏటవాలు అక్షరం) అయ్యుంటుంది. 18వ శతాబ్దం చివర ఇటలీలోని పార్మాలో బొడోని అనే ముద్రాపకుడు, పారిస్‌లో ముద్రణ పనిచేసే దీదో కుటుంబం ఈ పద్ధతికి పేరు తెచ్చారు. ఒక గీత బాగా లావు, పక్క గీత వెంట్రుకంత సన్నం. దాని దర్జా అంతా ఆ తేడాలోనే ఉంది. ఇటాలిక్ అంటే అక్షరాన్ని పక్కకు వంచేయడం కాదు. చిన్న ‘ఏ’కు పైన ఉండే కొక్కెం పోయి, చేత్తో రాసినట్టు గుండ్రంగా మారుతుంది. చాలా ఫాంట్లలో చిన్న ‘ఎఫ్’ తోక, అక్షరాలు నిలబడే గీత కంటే కిందికి దిగుతుంది. అమ్మాయి కాగితాల్లో ఈ రెండక్షరాలు చూడండి. ఆ మార్పు పట్టుకుని ఉంటే తన కన్ను మంచిదే.

నగల షాపు పేరు, సెంటు డబ్బా, శుభలేఖలో వధూవరుల పేర్లు: పెద్ద సైజులో దీనికి సాటి లేదు. అదే శుభలేఖలో ముహూర్తం, మండపం చిరునామా కూడా దీంతోనే చిన్నగా వేస్తే సన్నగీతలు ఎగిరిపోతాయి. ముదురు రంగు మీద తెల్లక్షరాలైతే సిరా పాకి గీతలు పూడుకుపోతాయి. గూగుల్ ఫాంట్స్‌లో ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఇటాలిక్ ఉచితం. ఒకే పేరును మూడు సైజుల్లో ప్రింట్ తీసి చూసుకోమనండి.

ఫాంట్లు మాత్రమే చేసే ఉద్యోగాలు తక్కువ. ఎక్కువమంది బ్రాండింగ్, ప్యాకేజింగ్, పుస్తకాలు, యాప్‌ల డిజైన్‌లో స్థిరపడతారు. తెలుగు అక్షరం మీద పట్టు కూడా ఉంటే ఇంకా మంచిది. తెలుగుకు ఇటాలిక్ సంప్రదాయం లేదు. అలాంటి ఇంగ్లిష్ పేరు పక్కన తెలుగు పేరును అంతే హుందాగా నిలబెట్టడం కష్టమైన పని, మన బోర్డుల మీద చాలాసార్లు తప్పేది అక్కడే.

నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్ మన ప్రాంతంలోనే ఉంది. అక్కడ బీడెస్‌లో (డిజైన్ డిగ్రీ) కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, ప్రవేశం డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) పరీక్షతో. ఐఐటీ బొంబాయి, ఐఐటీ హైదరాబాద్ బీడెస్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. యూసీడ్, డాట్ మొదటి దశ (ప్రిలిమ్స్) సాధారణంగా చలికాలంలోనే అయిపోతాయి, డాట్ రెండో దశ (మెయిన్స్) ఆ తర్వాత ఉంటుంది. తేదీలు చూసుకుంటే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) మానుకోనక్కర్లేదు. సెకండియర్‌లో దసరా నాటికి నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.