చవకగా కొన్న గోల్‌కీపర్ సెట్టు, పనికిరాని మాస్కు: డబ్బు తిరిగి అడగవచ్చా?

ప్రశ్న: మేము కెనడాలో, ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో ఉంటాం. మా బాబుకు పదేళ్లు. ఈ ఏడాది యూ11 (పదకొండేళ్లలోపు) ఐస్ హాకీ జట్టులో గోల్‌కీపర్ అయ్యాడు. కొత్త సామాను ధరలు చూసి బెంబేలెత్తి, ఆన్‌లైన్ ప్రకటన పట్టుకుని ఒకాయన దగ్గర వాడిన సెట్టు 650 డాలర్లకు కొన్నాం. లెగ్ ప్యాడ్లు, క్యాచర్ (పక్ పట్టుకునే గ్లవ్), బ్లాకర్ (కర్ర పట్టే చేతికి వేసే గ్లవ్), చెస్ట్ ప్రొటెక్టర్, మాస్కు అన్నీ అందులోనే వచ్చాయి. ‘సీఎస్ఏ సర్టిఫైడ్, ఒక్క సీజన్ వాడినది’ అని ప్రకటనలో ఉంది. సీఎస్ఏ అంటే ఇక్కడి భద్రతా ప్రమాణాల గుర్తు. వాళ్ల గ్యారేజీలో సామాను చూసి అక్కడే ఈ-ట్రాన్స్‌ఫర్‌తో (బ్యాంకు నుంచి ఆన్‌లైన్‌లో) డబ్బు పంపాం. రెండు వారాల ప్రాక్టీసు అయ్యాక జట్టు ట్రైనర్ మాస్కును చేతిలోకి తీసుకుని చూశారు. సీఎస్ఏ స్టిక్కర్ లేదని, ముందున్న జాలీ పిల్లలకు అనుమతి లేని రకమని, పైన అంటించిన రంగు ఫిల్ము కింద పగులు కూడా ఉందని చెప్పారు. అమ్మినాయనను అడిగితే ‘పాత సామాను, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను, ఇక నాకు సంబంధం లేదు’ అంటున్నారు. ప్యాడ్ల లోపల వేరే అబ్బాయి పేరు రాసి ఉంది. దొంగ సామానేమోనని మా ఆవిడ భయపడుతోంది. సెట్టులోని క్యాచర్ బాబు చేతికి కుదరకపోతే పాత క్రీడా సామాను దుకాణంలో ఇంకొకటి కొన్నాం. వారం తిరగకుండానే దాని పట్టీ ఊడింది. రసీదు మీద ‘ఫైనల్ సేల్’ అని ఉంది కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. మాకు ఏదైనా దారి ఉందా?

జవాబు: ముందుగా, ఆ మాస్కు మళ్లీ బాబు తలకు పెట్టకండి. అలాగని పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి. వివాదం తేలేదాకా అదే మీ సాక్ష్యం. ఫిల్ము తొలగించే ముందు, తొలగించాక పగులును ఫోటోలు తీయండి. ఆన్‌లైన్ ప్రకటన ఇంకా కనిపిస్తుంటే ఈ జవాబు పూర్తిగా చదవకముందే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అమ్మినవారు దాన్ని ఏ క్షణమైనా తీసేయవచ్చు. మీ కేసుకు బలమంతా అందులోని ‘సీఎస్ఏ సర్టిఫైడ్’ అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది.

మీరు చేసినవి రెండు కొనుగోళ్లు. ఒకటి వ్యక్తి దగ్గర, ఇంకొకటి దుకాణంలో. చట్టం ఈ రెంటినీ ఒకే కంటితో చూడదు.

ఒంటారియో వినియోగదారుల రక్షణ చట్టం, 2002 వ్యాపారికీ వినియోగదారుకూ మధ్య జరిగే లావాదేవీలకు సంబంధించినది. కొడుకు ఎదిగిపోయాడని పాత ప్యాడ్లు గ్యారేజీలో పెట్టి అమ్ముకునే తండ్రి వ్యాపారి కాడు. కానీ ఆయన ప్రొఫైల్‌లోకి వెళ్లి మిగతా ప్రకటనలు కూడా చూడండి. నెలనెలా నాలుగైదు సెట్లు, రకరకాల సైజులు అమ్మకానికి పెడుతున్నారంటే కథ మారుతుంది. సామాను కొని తిరిగి అమ్మడమే పనిగా పెట్టుకున్న మనిషిని, దుకాణం బోర్డు లేకపోయినా, ఈ చట్టం కింద వ్యాపారిగా చూపించవచ్చు. అప్పుడు మీ చేతికి పెద్ద ఆయుధమే దొరుకుతుంది. సరుకుకు లేని ప్రమాణం, నాణ్యత ఉన్నట్టు చెప్పడం, వాడకాన్ని అసలు కంటే తగ్గించి చెప్పడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతులు. ఒప్పందం జరిగిన ఏడాదిలోగా నోటీసు ఇచ్చి దాన్ని రద్దు చేసుకునే హక్కు వినియోగదారుకు ఉంటుంది.

ఆయన నిజంగానే మామూలు మనిషి అనుకుందాం. అప్పుడు ఒంటారియో వస్తు విక్రయ చట్టానికి రావాలి. మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం చదివినవారికి ఇందులో పాత ముఖాలే కనిపిస్తాయి. రెండింటికీ మూలం 1893 నాటి బ్రిటిష్ చట్టమే. సరుకు బాగుండాలన్న షరతు ఇందులో వ్యాపారులకే వర్తిస్తుంది. వ్యక్తుల మధ్య అమ్మకంలో ‘కొనేవాడే చూసుకోవాలి’ అన్నదే నేటికీ సూత్రం. కాబట్టి పట్టీలు వదులుగా ఉన్నాయనో ప్యాడ్ల లోపలి స్పాంజి అణిగిపోయిందనో మీరు ఆయన మీదికి వెళ్లలేరు. కానీ 14వ సెక్షన్ వేరు. వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి అంటుందది. అమ్మినవారు వ్యాపారా, పొరుగింటాయనా అని ఆ సెక్షన్ అడగదు. ఆయన మీకు అమ్మింది ‘సీఎస్ఏ సర్టిఫైడ్’ సెట్టు. మీ చేతికొచ్చిన మాస్కు అది కాదు.

ఇక ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న వాదన సంగతి. దాన్ని తేలికగా కొట్టిపారేయలేం. 2024 మే నెలలో కెనడా సుప్రీంకోర్టు ఎర్త్‌కో సాయిల్ మిక్స్చర్స్ కేసులో సరిగ్గా ఈ 14వ సెక్షన్ మీదే తీర్పు ఇచ్చింది. అది కూడా ఒంటారియో వ్యవహారమే. కొన్న మట్టిలో పరీక్ష నివేదికలో చెప్పిన దానికంటే బంకమట్టి ఎక్కువగా ఉందని కొన్నవారు దావా వేశారు. సరుకును పరీక్షించుకునే హక్కు కొన్నవారికి ఉందని, వద్దనుకుంటే తర్వాత నాణ్యతకు అమ్మినవారి బాధ్యత ఉండదని ఒప్పందంలో ముందే రాసి ఉంది. ఆ మాటలను ఇద్దరి ఉమ్మడి ఉద్దేశంగా తీసుకుని కోర్టు అమ్మినవారి వైపే తీర్పు చెప్పింది. అంటే ముందుగా, స్పష్టంగా రాసుకున్న మినహాయింపు నిలబడుతుంది. మీ విషయంలో ఆ మాట ఎప్పుడు వచ్చింది? డబ్బు చేతులు మారి, రెండు వారాలు గడిచి, గొడవ మొదలయ్యాక. బేరం ముగిశాక ఒకరు ఏకపక్షంగా కలిపిన షరతు ఒప్పందంలో భాగం కాదు. అయినా ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో గానీ, కొనేముందు నడిచిన మెసేజ్‌లలో గానీ ‘యాజ్ ఈజ్’ అన్న మాట ఎక్కడైనా ఉందేమో ఒకసారి నిదానంగా చూడండి. ఉంటే మీ స్థానం బలహీనపడుతుంది. అప్పుడు కూడా తప్పుడు మాట నమ్మి కొన్నామన్న వాదన మిగులుతుంది. ఆయనకు తెలిసే అబద్ధం చెప్పారని చూపగలిగితే అది గట్టి వాదన. పగులు మీద ఫిల్ము అంటించింది ఆయనేనా అన్నది అందుకే ముఖ్యం.

650 డాలర్లూ తిరిగి రావాలని మీరు ఆశపడుతున్నట్టున్నారు. నాకు ఆ ఆశ లేదు. ప్యాడ్లు, బ్లాకర్ రెండు వారాలు వాడారు. వాటి మీద మీకు ఫిర్యాదు కూడా లేదు. విడదీయలేని ఒక బేరంలో కొంత సరుకును అంగీకరించాక మొత్తం తిరగగొట్టడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు, నష్టపరిహారం అడగమంటుంది. మీ నష్టం మాస్కు విలువ. సర్టిఫికేషన్ ఉన్న అలాంటి వాడిన మాస్కుకు బజారులో ఎంత పలుకుతుందో రెండు మూడు ప్రకటనలతో చూపించండి. ఆ మొత్తమే అడగండి.

ఫోన్లో వాదించకుండా ఒక ఉత్తరం రాయండి. ప్రకటనలోని మాటలు యథాతథంగా ఎత్తి రాసి, ట్రైనర్ చూసిన విషయాలు, తేదీ చెప్పి, ఇంత మొత్తం పద్నాలుగు రోజుల్లో చెల్లించాలని, చెల్లించాక మాస్కు వెనక్కి ఇస్తామని, లేకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు (చిన్న మొత్తాల దావాలు వినే కోర్టుకు) వెళ్తామని రాస్తే చాలు. తిట్లు, పోలీసుల బెదిరింపులు వద్దు. డబ్బు ఇవ్వకపోతే క్రిమినల్ కేసు పెడతామని రాసే ఉత్తరం మీకే చిక్కు తెస్తుంది. వీలైతే ట్రైనర్ చేత రెండు వాక్యాల ఈ-మెయిల్ రాయించుకోండి.

స్మాల్ క్లెయిమ్స్ కోర్టు పరిమితి 2025 అక్టోబరు 1 నుంచి 50,000 డాలర్లు. మీది అందులో ఒక చుక్క కూడా కాదు. లాయరు అవసరం లేదు, కాగితాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. కానీ దావా వేయడానికే సుమారు నూరు డాలర్ల ఫీజు అవుతుంది, విచారణకు తేదీ తీసుకోవాలంటే మళ్లీ ఫీజు. గెలిస్తే ఖర్చులు ఇప్పించవచ్చు గానీ, నా అనుభవంలో రెండు వందల డాలర్ల గొడవలు కోర్టు మెట్ల దాకా వెళ్లకుండా ఉత్తరంతోనే సగానికో మూడొంతులకో తెగుతాయి. ఆయన సగం ఇస్తానంటే తీసుకోమనే నా సలహా. తొందర కూడా లేదు, లోపం తెలిసిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. కాగితాలు ఎవరికైనా చూపించుకోవాలంటే లా సొసైటీ ఆఫ్ ఒంటారియో (లాయర్ల నియంత్రణ సంస్థ) రెఫరల్ సర్వీసు ద్వారా లాయరుతో అరగంట దాకా ఉచితంగా మాట్లాడవచ్చు.

దుకాణం విషయంలో మీరు మరీ తొందరగా వెనక్కి తగ్గారు. మనసు మారిందని దుకాణంలో చూసి కొన్న సరుకు తిరిగి ఇచ్చే హక్కు ఒంటారియోలో ఏ చట్టమూ ఇవ్వదు, అది దుకాణం దయ. ‘ఫైనల్ సేల్’ అన్న ముద్ర అంతవరకే పని చేస్తుంది. లోపం ఉన్న సరుకు సంగతి వేరు. వ్యాపారి అమ్మిన సరుకు వాడకానికి యోగ్యంగా ఉండాలన్న షరతును వినియోగదారుల ఒప్పందంలో రద్దు చేయడానికి వీల్లేదని 2002 చట్టం స్పష్టంగా చెబుతోంది. రసీదు మీద ఏం ముద్ర కొట్టినా సరే. వాడిన సరుకు కాబట్టి కొత్తదానంత ఆయుష్షు ఆశించలేం, చూసి కొన్నప్పుడు కంటికి కనిపించే లోపాల మీద తర్వాత తగాదా పెట్టుకోలేం. కానీ వారానికే పట్టీ ఊడే క్యాచర్ వాడిన వస్తువుగా కూడా యోగ్యమైనది కాదు. మేనేజరును కలిసి ఈ మాటే మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి. పట్టీ కుట్టి ఇచ్చినా తీసుకోండి, అది న్యాయమైన పరిష్కారమే.

మీ శ్రీమతి గారి భయానికి వస్తాను. ప్యాడ్ల మీద పేరు ఉండటం మామూలు. రింకులో పది సంచులు ఒకే రంగులో ఉంటాయి, పేరు రాయని తల్లి ఉండదు. పిల్లలు ఏటా సైజు మారతారు కాబట్టి ఒక సెట్టు మూడు నాలుగు ఇళ్లు తిరుగుతుంది. ఆ పేరు పట్టుకుని ఆ కుటుంబాన్ని వెతకవద్దు. ‘ఇది మీరు ఎవరి దగ్గర కొన్నారు?’ అని అమ్మినాయనను ఒక్క మెసేజ్ అడగండి. ఆయన తడబడితే పోలీసుల అత్యవసరం కాని నంబరుకు చెప్పండి. దొంగ సామాను అని తెలియకుండా కొన్నవారు నేరస్థులు కారు. తెలిసినా, అనుమానం గట్టిగా ఉండి కావాలని కళ్లు మూసుకున్నా నేరమే. సామాను నిజంగా దొంగిలించినదైతే అసలు యజమానికి ఇచ్చేయాల్సిందే, మీరు డబ్బు పెట్టినా హక్కు రాదు. అమ్మే హక్కు లేకుండా అమ్మినందుకు ఆయన మీకు మొత్తం సొమ్ము బాకీ పడతాడు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. కోర్టు గొడవ వద్దనుకుని ఆ మాస్కును మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మేద్దామని అనిపించవచ్చు. అలా చేయకండి. ఐస్ హాకీ హెల్మెట్లకు, ముఖ రక్షణకు కెనడాలో ఫెడరల్ భద్రతా నిబంధనలు ఉన్నాయి. ఇంటి గ్యారేజీలో పాత సామాను అమ్మేవారు కూడా వాటికి బద్ధులేనని హెల్త్ కెనడా చెబుతోంది. పైగా పగులు సంగతి మీకు ఇప్పుడు తెలుసు. రేపు ఆ మాస్కుతో ఇంకో పిల్లవాడికి దెబ్బ తగిలితే, మీరు ఇప్పుడు ఆయనను అడుగుతున్న ప్రశ్నలే మిమ్మల్నీ అడుగుతారు. వివాదం ముగిశాక మాస్కు మీ దగ్గరే మిగిలితే పగలగొట్టి పారేయండి.

ఇక బాబు ఆడాలి కదా. డబ్బు ఆదా చేయడాన్ని నేను తప్పు పట్టను. మాస్కు, నెక్ గార్డు మాత్రం కొత్తవి కొనండి. పిల్లల హాకీలో హాకీ కెనడా నిబంధనల ప్రకారం మాస్కుకు, జాలీకి సీఎస్ఏ గుర్తు, నెక్ గార్డుకు బీఎన్‌క్యూ (క్యుబెక్ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. పిల్లికన్ను ఆకారంలో వెడల్పాటి సందులున్న జాలీలు పెద్దల ఆటలో కనిపిస్తాయి. కర్ర మొన ఆ సందులోంచి దూరగలదు కాబట్టి పిల్లలకు వద్దన్నారు. మాస్కు గడ్డానికి వేలాడే ప్లాస్టిక్ ముక్క నెక్ గార్డుకు బదులు కాదు. లెగ్ ప్యాడ్లు, బ్లాకర్, ప్యాంటు, కర్రలు వాడినవి కొనుక్కోండి. క్యాచర్ కొనేటప్పుడు ప్రకటనలో ‘రెగ్యులర్’ అని ఉంటే అది ఎడమ చేతికి తొడిగేది. బాబు కుడి చేత్తో పట్టేవాడైతే ‘ఫుల్ రైట్’ అడగాలి. బహుశా మీ మొదటి క్యాచర్ కుదరకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఈసారి డబ్బు పంపే ముందు ‘సీఎస్ఏ స్టిక్కర్ ఉందా, పగుళ్లు ఉన్నాయా, ఏ చేతిది?’ అని మెసేజ్‌లో అడిగి, జవాబు మెసేజ్‌లోనే తీసుకోండి. ఈ-ట్రాన్స్‌ఫర్ ఒకసారి అవతలి ఖాతాలో పడితే వెనక్కి రాదు, కాబట్టి చూడని సామానుకు అడ్వాన్సు పంపకండి.

అసలు కొనేముందు మీ హాకీ సంఘాన్ని అడిగారా? చిన్న వయసు జట్లకు గోల్‌కీపర్ సామాను సీజన్‌కు అరువిచ్చే సంఘాలు చాలా ఉన్నాయి. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు జంప్‌స్టార్ట్, కిడ్‌స్పోర్ట్ వంటి సంస్థల సాయం కూడా ఉంది. అర్హత నియమాలు వాళ్ల వెబ్‌సైట్లలో చూడండి. అరువు తీసుకునేటప్పుడు సంతకం చేయమనే ఫారంలో పోయినా, పాడైనా ఎంత కట్టాలో రాసి ఉంటుంది. మామూలు అరుగుదలకు మీరు బాధ్యులు కారన్న వాక్యం అందులో లేకపోతే చేత్తో రాయించి, ఇద్దరూ పొడి సంతకం పెట్టండి. తీసుకున్న రోజే ప్రతి వస్తువునూ ముందు, వెనుక ఫోటో తీసి సంఘం మేనేజరుకు ఈ-మెయిల్ చేయండి.