పండగ సేల్ చొక్కాలు, బిల్లు అడుగున ఒక లైను

ప్రశ్న: లాయర్ గారూ, నాకు బట్టల షాపు మెట్లెక్కడమంటేనే చిరాకు. ఉన్న నాలుగు చొక్కాలతో ఏడాది నెట్టుకొచ్చే మనిషిని. సంక్రాంతికి మా ఆవిడ పోరు పడలేక తెనాలి నుంచి విజయవాడ వెళ్లి, ఒక పెద్ద షాపు సేల్‌లో 1,500 చొక్కా 900కే అంటే మూడు తీసుకున్నాను. రద్దీగా ఉందని ట్రయల్ రూమ్ మూసేశారు. ఇంటికొచ్చి చూస్తే ఒకటి బిగుతు. ఇంకొకటి మొదటి ఉతుకులోనే రంగు దిగి నా బనియన్లన్నీ నీలమయ్యాయి. షాపుకు వెళ్తే బిల్లు అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న లైను చూపించి పంపేశారు. 2,700 మీద జీఎస్టీ అని 135, సంచికి 15 కూడా వేశారు. బిల్లు మా ఆవిడ ఫోన్ నంబరు మీద ఉంది. ఇంత చిన్న మొత్తానికి కేసు వేస్తే నవ్వుతారా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నవ్వరు. కాకపోతే మీరు రెండు చొక్కాలనూ ఒకే మూట కట్టి అడిగారు. చట్టం దృష్టిలో అవి వేరు వేరు.

ముందు రంగు దిగిన చొక్కా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును వాపసు తీసుకుని, బిల్లులో రాసిన గడువులోపు డబ్బు తిరిగివ్వాలి. గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు ఇవ్వాలి. ఇవ్వనంటే అది అనుచిత వాణిజ్య విధానం. బిల్లు అడుగున షాపువాళ్లు అచ్చేసుకున్న లైను ఈ బాధ్యతను చెరిపేయలేదు. సేల్ సరుకైనా అంతే. ధర తగ్గించారు గానీ మీ హక్కు తగ్గించలేదు. ‘డబ్బు ఇవ్వం, క్రెడిట్ నోట్ ఇస్తాం, ఇంకేదైనా కొనుక్కోండి’ అంటే ఒప్పుకోనక్కర్లేదు. మళ్లీ ఆ షాపు మెట్లెక్కడం మీకు అసలే ఇష్టం లేదు కదా.

అయితే వాళ్లు ఏమంటారో ఇప్పుడే చెబుతాను. ‘వేడినీళ్లలో నానబెట్టారు, మా తప్పు కాదు’ అంటారు. కాబట్టి కాలరు లోపలో పక్క కుట్టు దగ్గరో ఉండే ఉతుకు గుర్తుల లేబుల్ చూడండి. డ్రై క్లీనింగ్ మాత్రమే అని ఉండి మీరు బకెట్లో ముంచితే కేసు బలహీనపడుతుంది. అలా లేకపోతే లేబుల్‌కి, చొక్కాకి, నీలమైన బనియన్లకి ఫొటోలు తీయండి. ఇక దాన్ని ఉతకొద్దు, పారేయొద్దు. పండక్కి కాలరు మూలన పసుపు పెట్టి ఉంటారు. ‘మరకలు మీరే చేశారు’ అనేవాళ్లూ ఉంటారు కనుక అదేమిటో ఫిర్యాదులో ఒక ముక్క రాసేయండి. కేసు దాకా వెళ్తే, అవసరమనుకుంటే వినియోగదారుల కమిషన్ (ఇలాంటి ఫిర్యాదులు విచారించే కోర్టులాంటిది) బట్టను ల్యాబ్‌కు పంపుతుంది. ఆ ఫీజు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు.

ఇక బిగుతు చొక్కా. ఇక్కడ మీకు నచ్చని మాటే చెప్పాలి. సైజు కుదరకపోవడం సరుకులో లోపం కాదు. ట్రయల్ రూమ్ ఉండి తీరాలని ఈ చట్టంలో లేదు. సైజు మార్చి ఇస్తామని షాపులో బోర్డు పెట్టినా, నోటితో మాటిచ్చినా అడగొచ్చు, లేదంటే వాళ్ల మర్యాద మీద ఆధారపడాలి. కానీ ఒక పని చేయండి. అదే సైజు అని రాసి ఉన్న మీ పాత చొక్కాను మంచం మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంక దాకా టేపుతో కొలవండి. తర్వాత కొత్తది కొలవండి. కొత్త చొక్కా లేబుల్ మీద ఒక సైజు, బట్టలో ఇంకో సైజు ఉందని స్పష్టంగా తేలితే కథ మారుతుంది. అది సరుకు గురించి తప్పు చెప్పి అమ్మడం. కంపెనీని బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉండటం మామూలే కాబట్టి అరంగుళం తేడాకు పట్టుబట్టకండి.

జీఎస్టీ సంగతి నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ట్యాగ్ మీద 1,500 అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద 40 శాతం తగ్గింపు అని బోర్డు పెట్టి, బిల్లు కౌంటర్ దగ్గర మళ్లీ పన్ను కలిపితే చెప్పిన తగ్గింపు మీకు దక్కనట్టే. జీఎస్టీకి ముందు వ్యాట్ పన్ను ఉన్న రోజుల్లో సరిగ్గా ఇలాంటి వ్యవహారంలోనే 2017లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇది అనుచితమంది. ఆ 135 కూడా అడగండి. సంచి 15 కూడా వదలకండి. బయటి సంచి లోపలికి రానివ్వకుండా, ముందు చెప్పకుండా, డబ్బు కట్టేటప్పుడు సంచికి రేటు వేయడం తప్పని 2020 డిసెంబరులో అదే కమిషన్ చెప్పింది. మీరు సంచి తీసుకెళ్లారా, ముందు ఎక్కడైనా రేటు రాసి ఉందా అన్నది మీకే తెలియాలి.

బిల్లు ఆవిడ నంబరు మీద ఉన్నా ఇబ్బంది లేదు. కొన్నవారి సమ్మతితో వాడేవారూ వినియోగదారులే. అయినా ఫిర్యాదు ఆవిడ పేరు మీదే వేస్తే చిక్కు ఉండదు.

ముందు షాపుకు రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులోనో ఈమెయిల్‌లోనో, 15 రోజులు గడువిచ్చి అడగండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్‌కు ఆదేశాలిచ్చే అధికారం లేదు. అయినా అక్కడి నుంచి కబురు వెళ్తే చాలా షాపులు బేరానికి దిగుతాయి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. పాత చట్టంలో షాపు ఎక్కడుంటే అక్కడికి తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు నివసించే చోటే వేయొచ్చు కాబట్టి విజయవాడ వెళ్లక్కర్లేదు, గుంటూరు చాలు. సరుకు విలువ 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసుల వెబ్‌సైటు ఈ-జాగృతిలో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. చొక్కా డబ్బుతో పాటు పరిహారం, ఖర్చులు, బిల్లు మీద ఆ లైను తీసేయాలన్న ఆదేశం కూడా కోరవచ్చు.

ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. ఆ బిల్లు నున్నటి కాగితం మీద అచ్చయి ఉంటుంది, కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. జేబులోంచి తీసి ఫొటో తీసి, ఒక జిరాక్స్ కూడా చేయించండి. షాపువాళ్లు ‘చొక్కా ఇక్కడ పెట్టి వెళ్లండి, చూసి చెబుతాం’ అంటే, తీసుకున్నట్టు సంతకం, తేదీ ఉన్న కాగితం చేతికి వచ్చేదాకా ఇవ్వొద్దు.