చట్టం – మీ సందేహం: జేసీబీ కంటే ముందు అర్జీ వెళ్లాలి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది అనంతపురం పక్కన పల్లె. ఊరి బయట ఆరెకరాల చేను, దాన్ని ఆనుకుని బండ్ల రస్తా ఉన్నాయి. రెండింట్లో కలిపి ఇరవైకి పైగా చింతమాన్లు, వేపమాన్లు ఉన్నాయి, అన్నీ మా తాతల నాటివి. చేను అమ్మేశారు, కొన్నవాళ్లు వెంచర్ వేస్తారంట. రాళ్లు పాతేశారు, జేసీబీ వచ్చి కంపచెట్లు కూడా తీసేసింది. అడిగితే "వాళ్ల భూమి, వాళ్ల చెట్లు, మధ్యలో మీకేంది" అంటున్నారు. మానుకు పసుపు కుంకుమ పెట్టి చిన్న గుడి కట్టేస్తే ఎవరూ ముట్టుకోరని మా చిన్నాయన సలహా. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు మీ చిన్నాయన సలహా సంగతి చూద్దామమ్మా. ఆయన అనుభవం కాదనను, తిమ్మమ్మ మర్రిమాను ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే అందులో భక్తికి పెద్ద భాగమే ఉంది. కానీ బహిరంగ స్థలాల్లో కొత్తగా అనుమతి లేని గుడులేవీ కట్టనివ్వొద్దని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రేపు మీరు రస్తాలో గుడి కడితే వాళ్ల చెట్ల నరికివేత పక్కకు పోయి మీ ఆక్రమణ కేసు ముందుకొస్తుంది. పసుపు పెట్టుకోండి, సిమెంటు మాత్రం వద్దు.

ఇక అసలు విషయం. వాళ్ల భూమి వాళ్ల చెట్లు అన్నది సగం నిజం. పట్టా భూమిలో చెట్టయినా సరే, నరకాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. మన జిల్లాలో వాల్టా అంటే బోర్ల చట్టం అనుకుంటారు, పక్కచేను వాడు బోరు వేసినప్పుడే ఆ పేరు వింటాం కాబట్టి. నిజానికి దాని పేరులోనే నీరు, భూమితో పాటు చెట్లూ ఉన్నాయి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి తోటలకు మినహాయింపులున్నాయి గానీ మీ చింతమాన్లు ఆ కోవలోకి రావు.

అలాగని వాల్టా చెట్టును కాపాడేస్తుందని మాత్రం అనుకోకండి, అది నరకొద్దని అనదు, అడిగి నరకమంటుంది. ఒకసారి అనుమతి కాగితం వచ్చిందంటే మీరు ఎంత అరిచినా వినేవాడుండడు. అందుకే వాళ్లు దరఖాస్తు పెట్టకముందే, లేదా అది ఫైల్లో ఉండగానే, మీ అభ్యంతరం అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఉండాలి, దాని కాపీ తహసీల్దారుకు, పంచాయతీకి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కు వెళ్లాలి. ప్రతిచోటా రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇచ్చినట్టే కాదు.

అర్జీలో "పచ్చదనం, పర్యావరణం" అని పేజీలు నింపొద్దు. ఒక్కో చెట్టుకు ఒక్కో వరుస రాయండి: సర్వే నంబరు, ఏ మాను, మొదలు చుట్టుకొలత ఎంత. కొలత నేల మీద కాదు, నాలుగున్నర అడుగుల ఎత్తులో తీయాలి, అటవీ శాఖ వాళ్లు కొలిచేది అక్కడే. టేపు మీద అంకె కనపడేలా ఒక ఫొటో, దూరంగా కరెంటు స్తంభమో గుట్టో పడేలా ఇంకో ఫొటో తీయండి. లేకపోతే రేపు ఆ చెట్టు అక్కడ ఉండేదే కాదంటారు.

రస్తాలో చెట్లను వేరే పట్టీ రాయండి, మీకున్న గట్టి పట్టు అదే. రస్తా ప్రభుత్వానిది, కాబట్టి చేను అమ్మినాయన ఆ మాన్లను అమ్మలేడు, కొన్నాయనకు వాటి మీద ఏ హక్కూ రాదు. సర్వే విభాగం నుంచి ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకుని హద్దు ఎక్కడుందో చూడండి. ఆ చింతచెట్ల కాపును పంచాయతీ ఎప్పుడైనా వేలం వేసిందేమో పెద్దవాళ్లను అడగండి, వేసుంటే ఆ వేలం రిజిస్టరులో పేజీ మీకు పది మంది సాక్షులతో సమానం. సమాచార హక్కు కింద అడిగితే మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10.

చేను లోపలి చెట్ల దారి వేరు. లేఅవుట్ వేసేవాళ్లు పది శాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. మామూలుగా ఏ మూలో పనికిరాని చోట వదులుతారు. ప్లాన్ ఇంకా అహుడా (అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గరే ఉంటే ఆ ఖాళీ స్థలాన్ని చింతమాన్లు గుంపుగా ఉన్నచోట చూపించమని అహుడాకూ రాయండి, వెంచర్ వాళ్లతోనూ కూర్చుని మాట్లాడండి. వాళ్లకు పోయేదేమీ లేదు, ఎలాగూ వదలాల్సిన నేలే కదా. అనంతపురం ఎండలో నీడ ఉన్న పార్కు పక్క ప్లాటు ఎలా పోతుందో వాళ్లకు మనం చెప్పక్కర్లేదు. నన్నడిగితే మీ చెట్లలో ఎక్కువ భాగం బతికేది కోర్టులో కాదు, ఈ ప్లాన్ కాగితం మీదే.

కోర్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి చెట్ల కేసు చూశాక అందరికీ ఆశ పెరిగింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని అక్కడ నరకడం ఆపించింది నిజమే. అయితే అది 400 ఎకరాలు, అడవి లక్షణాలున్న నేల. అడవి అంటే రికార్డులో రాసింది మాత్రమే కాదు, నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా అడవే, యజమాని ఎవరైనా సరే అని 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో చెప్పిన మాట దానికి వర్తిస్తుంది. ఆరెకరాల చేనులో ఇరవై మాన్లను అడవి అనిపించడం కష్టం, దాని కోసం డబ్బు తగలేసుకోకండి. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోదామని ఎవరైనా అంటే ఒకటి గుర్తుంచుకోండి, ఆ ట్రిబ్యునల్ చూసే చట్టాల జాబితాలో వాల్టా లేదు. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. అది తీసుకోలేదనో, అందులో చెట్ల సంగతి దాచారనో అయితేనే ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లొచ్చు. అదీ, తీసుకోలేదంటే ఆరు నెలల్లోపు, ఇచ్చిన అనుమతి మీద అప్పీలైతే ముప్పై రోజుల్లోపు.

మీకు సరిపడేది హైకోర్టులో రిట్, అంటే అధికారులను ఆదేశించమని అడిగే పిటిషన్. "మా అర్జీ తేల్చకుండా చెట్లు కొట్టనివ్వకండి" అని అడగడం చిన్న కోరిక, చిన్న కోరికకు స్టే తొందరగా దొరుకుతుంది. చెట్లు ఎప్పుడూ శనివారం మధ్యాహ్నం తర్వాతే ఎందుకు పడతాయో మీరే ఆలోచించండి. సెలవు రోజుల్లో అత్యవసరమైతే హౌస్ మోషన్ వేస్తారు, అంటే జడ్జి ఇంటి దగ్గరే విచారించమని అడుగుతారు, లాయర్‌కు కాగితాలు ముందే ఇచ్చి పెట్టుకోండి.

ఇంకోటి, గొడ్డలి పడకుండానే మాను చావొచ్చు. మొదలు చుట్టూ వలయంలా బెరడు చెక్కేస్తారు, వేరులో యాసిడ్ పోస్తారు, లేదా నేల చదును పేరుతో మొదట్లో మూడు నాలుగు అడుగుల మట్టి పోసేస్తారు. కొన్నాళ్లకు ఎండిపోతుంది, ఎండిన చెట్టు ప్రమాదమని అనుమతి ఈజీగా తెచ్చుకుంటారు. వారానికోసారి అటు వెళ్లినప్పుడు ఫొటో తీస్తూ ఉండండి.

ప్రశ్న: కడపలో మా సొంత సైటులో ఒక పెద్ద వేపచెట్టు ఉంది. ఇల్లు కట్టుకోవడానికి కొట్టాలి. సొంత చెట్టుకు కూడా అనుమతి ఏంటి సార్, అనవసరమైన టెన్షన్ కాకపోతే?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: సార్ కాదు, మేడమ్. టెన్షన్ అనుమతి తీసుకుంటే కాదు, తీసుకోకపోతే. తాజ్‌మహల్ చుట్టూ ఉన్న రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టిన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. మీ ఒక్క వేపకు అంత రాకపోవచ్చు గానీ, పక్కింటాయన ఫోన్‌లో వీడియో తీసి పంపితే తిరగడం మాత్రం తప్పదు. దరఖాస్తు చేయండి, బదులు మొక్కలు నాటమంటే నాటండి. అంతకంటే ముందు ప్లాన్ గీసేవాళ్లను ఒక్కమాట అడగండి, మెట్లో పోర్టికోనో నాలుగు అడుగులు జరిపితే చెట్టు సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, ఉండిపోతుందేమో.

ప్రశ్న: కర్నూలులో మా వీధి రోడ్డు వెడల్పు చేస్తారంట, రావిచెట్లు కొట్టేస్తారంట. వేరే చోటికి మార్చమని అడగొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అడగొచ్చు, రావి కాబట్టి గట్టిగా అడగొచ్చు. రావి, మర్రి నరికిన కొమ్మ నుంచి కూడా చిగురిస్తాయి, ముసలి చింత మార్చినా బతకడం కష్టం. ఒక లెక్క కూడా అర్జీలో రాయండి. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ 2021లో ఒక చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని లెక్కగట్టింది. అది చట్టం కాదు, దాన్ని కట్టమని ఎవరినీ బలవంతపెట్టలేరు. కానీ యాభై ఏళ్ల రావిచెట్టుకు ఆ లెక్కేసి చూపిస్తే మార్చడానికి ఖర్చెక్కువ అనే ముందు ఇంజనీరు కాసేపైనా ఆలోచిస్తాడు. మార్చేది ఎక్కడికి, నీళ్లు ఎవరు పోస్తారు, ఎన్నాళ్లు పోస్తారు అన్నది రాతపూర్వకంగా అడగండి. లేకపోతే లారీలో తీసుకెళ్లి ఏ బైపాస్ పక్కనో గుంతలో నిలబెట్టి వచ్చేస్తారు.