ఏ తాళాలు ఎవరి చేతిలో

ఉత్తరం సారాంశం: మాది విజయవాడ. మా అత్తగారు 1991లో ఇంటి వరండాలో పదకొండు మంది పిల్లలతో మొదలుపెట్టిన కూచిపూడి నాట్యం బడిని పన్నెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. నాకు నాట్యం రాదు, బీకాం చదివాను. ఫీజులు, దుస్తులు, హాలు బుకింగులు, తల్లిదండ్రులతో మాటలు నా పని. ఎనిమిదో ఏట మా బడిలో చేరి, మా అత్తగారి దగ్గరే నేర్చుకుని, పద్నాలుగేళ్లుగా ఇక్కడే పాఠం చెబుతున్న సీనియర్ టీచరు సంక్రాంతి వెళ్లాక మానేసి రెండు వీధుల అవతల సొంత బడి పెడతానంటోంది. మొత్తం 84 మంది పిల్లల్లో 46 మంది ఆమె బ్యాచీల్లోనే ఉన్నారు. మూడేళ్ల పాటు 5 కిలోమీటర్ల లోపల బడి పెట్టకుండా ఆమె చేత స్టాంపు కాగితం మీద రాయించుకోవచ్చా? మిగిలిన ఇద్దరు టీచర్ల చేత కూడా ఇప్పుడే రాయించుకుంటే మంచిదా?

సమాధానం:

మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, ఎక్కువ సేపు పట్టదు. రాయించుకోవచ్చు, కానీ ఆ కాగితం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షన్ ఉంది. ఒక మనిషి న్యాయంగా చేసుకునే వృత్తిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని అది చెబుతుంది. మీ దగ్గర పని చేస్తున్నంత కాలం మరోచోట పాఠం చెప్పవద్దని అడగవచ్చు. మానేశాక చెప్పవద్దనడానికి మీకు హక్కు లేదు, అది రెండు వీధుల అవతలైనా సరే, మీ ఎదురింట్లోనైనా సరే. మిగిలిన ఇద్దరి చేత సంతకాలు పెట్టించుకుంటే ఆ కాగితం వల్ల ఒరిగేదేమీ లేకపోగా, వాళ్లు కూడా మరోచోటు వెతుక్కోవడం మొదలుపెడతారు.

ఇంకొక మాట. ఏదో గ్రాంటు దరఖాస్తు కోసం ఆ సీనియర్ టీచరు ఇచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం డిప్లొమా అసలు సర్టిఫికెట్టు మీ బీరువాలోనే ఉందనీ, 'అది మన దగ్గర ఉన్నంత వరకు ఎక్కడికీ పోదు' అని మీ వారు అన్నారనీ రాశారు. ఇది చదివాక మీ ఉత్తరం పక్కన పెట్టి కాసేపు లేచి తిరిగాను. అది ఆమె చదువు. ఈ రోజే ఇచ్చేయండి. మీ వారిని అడగక్కరలేదు.

ఇక మీరు అడగని సంగతికి వస్తాను.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలకు పైగా ఆ టీచరు గురించే ఉంది. ఆమె కృతజ్ఞత లేనిదనీ, తల్లిదండ్రులతో చనువు ఎక్కువనీ, పిల్లల చేత 'అక్కా' అనిపించుకుంటుందనీ. మూడో పేజీ అంచున మాత్రం, చోటు లేక అడ్డంగా ఇరికించి నాలుగు వాక్యాలు రాశారు. కిందటి విజయదశమి నాడు కొత్త పిల్లలను చేర్చుకునేటప్పుడు, తల్లిదండ్రులందరూ చూస్తుండగా మీ అత్తగారు ఎర్ర గుడ్డలో చుట్టిన, నాట్యానికి లయ వేసే తన నట్టువాంగం తాళాలు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. 'ఇక నా చేతులు ఆడవు, నువ్వే వాయించు తల్లీ' అన్నారు. మీరు పక్కన బల్ల దగ్గర కూర్చుని రసీదులు రాస్తున్నారు. అప్పుడే ఒక పాప పేరు తప్పు రాశారు.

అమ్మా, మీ ఉత్తరం అంతా ఆ నాలుగు వాక్యాలే.

బడి గది తాళాలు, బీరువా తాళాలు పన్నెండేళ్లుగా మీ కొంగున ఉన్నాయి. ఆవిడ ఎవరికో ఇచ్చిన తాళాలు మాత్రం మోగే తాళాలు. మీకు నట్టువాంగం రాదని మీకూ తెలుసు. ఒకటి ఇత్తడి, ఒకటి ఇనుము అయిన ఆ జంటను పట్టుకుని, నోటితో జతి, అంటే అడుగులకు తగ్గ పలుకులు, చెబుతూ, కాలి దెబ్బకు సరిగ్గా అందించడం ఏళ్ల సాధన. వాయించగల చేతికే ఇచ్చారు, అందులో మీ అత్తగారిని నేను తప్పు పట్టను. మీ కడుపులో మంట తాళాల కోసం కాదు. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఎవరో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు మిమ్మల్ని 'మా కోడలు, ఫీజులు చూసుకుంటుంది' అని, ఆ టీచరును 'మా అమ్మాయి' అని పరిచయం చేస్తారని మీరే రాశారు. కోడలన్న మాటలో అబద్ధం లేదు. పన్నెండేళ్ల కొలువుకు అది మాత్రం చాలదు.

మీ లెక్కలు కూడా పంపారు, మంచిదయింది. నేను కాగితం మీద వేసి చూశాను. 84 మందికి నెలకు 1,200 చొప్పున 1,00,800 రూపాయలు. అందరూ నెలనెలా కట్టరు, వేసవిలో ఊళ్లకు పోతారు కాబట్టి పదో వంతు తీసేశాను. సీనియర్ టీచరుకు 9,000, చిన్న టీచర్లిద్దరికీ కలిపి 4,800, ఆదివారాలు వచ్చే మృదంగం ఆయనకు 3,000, కరెంటుకూ ఊడ్చే మనిషికీ 4,000. సొంత ఇల్లు, అద్దె లేదు. దాదాపు 70 వేలు మిగులుతోంది. అది అత్తగారి ఖాతాలో పడుతోంది, అక్కడి నుంచి ఇంటి ఖర్చుకూ మీ వారి కారు వాయిదాకూ పోతోంది.

ఆ టీచరు పాఠం చెప్పే 46 మంది కట్టేది 55,200. అందులో ఆరో వంతు కూడా ఆమెకు అందడం లేదు. 2019 నుంచి ఆ 9,000 కదలలేదు. 'ఆమె ఎప్పుడూ అడగలేదు కూడా' అని మీరు రాశారు. సరే, మీరు అడిగారా? పన్నెండేళ్లలో మీకంటూ ఒక్క రూపాయి జీతం రాసుకున్నారా? మీరు పంపిన లెక్కల్లో మీ పేరు ఎక్కడా లేదు. అత్తగారిని అడగలేక మీరు ఊరుకున్నట్టే ఆ అమ్మాయీ ఊరుకుంది. ఒకరిది శిష్యరికం, ఒకరిది కోడరికం. ఇద్దరూ ఒకే గురువు దగ్గర తగిన జీతం లేని కొలువు చేశారు. ఆమెకు కనీసం తాళాలు దక్కాయి, కాళ్లలో విద్య ఉంది, కాబట్టి లేచి వెళ్లగలుగుతోంది. మీరు వెళ్లలేరు. మీ కోపం ఆమె వెళుతున్నందుకా, వెళ్లగలుగుతున్నందుకా? నాకు రెండోదే అనిపిస్తోంది. నిష్ఠూరంగా ఉంటే క్షమించండి.

మా మేనత్త ఒకావిడ ఇంట్లో సంగీతం చెప్పేది. ఒక శిష్యురాలు పొద్దున్నే వచ్చి చిన్న పిల్లలకు సరళీ స్వరాలు చెప్పి, ఆ తర్వాత వంటింట్లో కూరలు తరిగి, సాయంత్రం పక్కింటి వాళ్లకు అప్పాలు కూడా వత్తేది. ఆ పిల్ల పెళ్లయి వెళుతుంటే మా మేనత్త ఒక చీర పెట్టి, 'కడుపున పుట్టిన పిల్లలా చూశాను' అని కళ్లు తుడుచుకుంది. మా అమ్మ అక్కడే ఉంది. 'కడుపున పుట్టిన పిల్లకైతే వాటా ఉంటుంది వదినా' అంది. తర్వాత రెండేళ్లు వాళ్లిద్దరికీ మాటలు లేవు. నేను మా అమ్మ పక్షం. ఇంటి మనిషి అన్న మాటను జీతం ఎగ్గొట్టడానికి వాడినంతగా మన వాళ్లు మరి దేనికీ వాడరు. నాట్యం, సంగీతం నేర్పే ఇళ్లలో అది మరీ ఎక్కువ, పైగా దానికి గురుసేవ అన్న పేరు ఒకటి.

'గురువుకు ఎదురుగా బడి పెట్టడం మన సంప్రదాయంలో ఉందా' అని మీ అత్తగారు కుమిలిపోతున్నారట. ఆవిడ ఎక్కడి నుంచి వచ్చారో మీరే రాశారు కదా, మచిలీపట్నంలో గురువుగారి దగ్గర నేర్చుకుని, పెళ్లయి విజయవాడ వచ్చి వరండాలో బడి పెట్టారు. అప్పుడు ఎవరికైనా స్టాంపు కాగితం రాసిచ్చారా? అసలు ఆడపిల్లకు ఈ విద్య దక్కిందే ఒక తరంలో కొందరు కట్టు దాటడం వల్ల. కూచిపూడి మేళాల్లో ఆడవేషం కూడా మగవాళ్లే కట్టేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటి గురువులు ఆడవాళ్లకు నేర్పడానికి పూనుకున్నారు. మరో గురువు వెంపటి చినసత్యంగారు కూచిపూడి ఊరు విడిచి మద్రాసు వెళ్లి 1963లో అకాడమీ పెట్టారు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లి సొంత బడులు పెట్టుకున్నారు. శిష్యులు గడప దాటకపోయి ఉంటే ఈ నాట్యం కృష్ణా జిల్లాలో మొవ్వ దగ్గరి ఆ ఒక్క ఊళ్లోనే ఉండేది, మీ అత్తగారి వరండా దాకా వచ్చేది కాదు. ఈ మాట ఆవిడతో అనండి. నొచ్చుకుంటారు, అయినా అనండి.

ఆవిడతో మాట్లాడడమే మీ పని. టీచరుతో తేల్చుకోవలసింది ఏమంత లేదు. మీరు బాండు అడిగేది కూడా, నా అనుమానం, అత్తగారితో ఆ మాట మాట్లాడకుండా తప్పించుకోవడానికే.

మీ వారి ద్వారా కబురు పంపవద్దు. కారు వాయిదా ఎక్కడి నుంచి పోతోందో చూశాం కాబట్టి ఆయన మధ్యవర్తిత్వం మీద నాకు గురి లేదు. అన్నట్టు, బ్యాంకులో వేస్తే జీఎస్టీ వాళ్లు వస్తారని ఆయన ఫీజు నగదుగా తీసుకోమంటున్నారట. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే కదా ఆ రిజిస్ట్రేషన్ సంగతి. మీ బడిది అంతా కలిపినా 12 లక్షలు. ఆయనకు భయం జీఎస్టీ గురించి కాదేమో.

మధ్యాహ్నం పాఠాలు లేని వేళ, మోకాలి ఆపరేషన్ తర్వాత ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చునే ఆ పడక కుర్చీ దగ్గరికి లెక్కల పుస్తకం పట్టుకుని వెళ్లండి. 'అత్తయ్యా, ఈ నెల నుంచి నా జీతం 15,000 రాస్తున్నాను' అని చెప్పండి. అడగవద్దు, చెప్పండి. బడి పేరు మీద వేరే ఖాతా తెరవాలని చెప్పండి, ఇల్లు వేరు, బడి వేరు. ఆవిడ పేరు, పెద్దరికం, గురువుగా ఆవిడకు రావలసిన భాగం అందులోనే ముందు రాయండి. ఆవిడకు లేకుండా చేయమని నేను అనడం లేదు. ముప్పై ఏళ్లు చెప్పులు లేకుండా సిమెంటు నేల మీద కొట్టి కొట్టి ఆ మోకాళ్లు అరిగాయి, ఆ డబ్బులో మొదటి ముద్ద ఆవిడదే. మొత్తం కంచం ఆవిడది కాదు, అంతే. ఆవిడ ఏడవవచ్చు, 'నువ్వు కూడా అలాగే అంటున్నావా' అనవచ్చు. ఆ 'కూడా' విన్నప్పుడు మీకు తెలుస్తుంది, ఆ అమ్మాయి ఈ కుర్చీ దగ్గరికి మీకంటే ముందే వచ్చి వెళ్లిందని.

ఆ అమ్మాయి ఉండిపోతుందా? జీతం 22 వేలు చేస్తే ఉండవచ్చు, నా లెక్కలో ఆమె బ్యాచీలకు అది సబబు. ఉండకపోవచ్చు కూడా. 9,000 దగ్గర ఐదేళ్లు పైగా నిలబెట్టిన మనిషికి మానేస్తానన్నాక పెంచితే అందులో తీపి ఉండదు. వెళితే మర్యాదగా పంపండి. ఫిబ్రవరిలో ఆరుగురు పిల్లలు తొలిసారి గజ్జెలు కట్టే గజ్జెపూజ ఉందన్నారు, అది ఆమె చేతుల మీదుగానే జరగనివ్వండి. ఆ పిల్లలకు పళ్లెం మీద ఆడే తరంగం నేర్పింది ఆమె, దాని అంచుల మీద నిలబడేటప్పుడు వాళ్లు చూసేది ఆమె ముఖమే. వెళుతున్న సంగతి తల్లిదండ్రులకు ఆమెనే చెప్పుకోనివ్వండి, మీరు ఫోను గ్రూపులో పెట్టకండి. పాటల రికార్డింగులకు డబ్బు పెట్టింది బడి కాబట్టి అవి బడివే, కాపీ అడిగితే మాత్రం ఇవ్వండి. ఏ పిల్లలు ఎవరితో పోతారన్నది పిల్లల తల్లుల ఇష్టం. పాతిక మంది పోతారేమో. రెండేళ్లలో మళ్లీ వస్తారు, లేదా రారు. మిగిలిన ఇద్దరు చిన్న టీచర్లకు పాఠానికి 200 చొప్పున ఇస్తున్నారు కదా, అది ఈ నెలే పెంచండి. లేకపోతే వచ్చే సంక్రాంతికి ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

మీరు నాట్యం నేర్చుకోవాలా అని చివర్లో అడిగారు, 'ఈ వయసులో నవ్వుతారేమో' అని. అత్తగారి మెప్పు కోసమైతే వద్దు. ఆ పిల్లలు అడుగులు వేస్తుంటే బల్ల కింద మీ కాలు కదులుతుందని రాశారే, దాని కోసమైతే నేర్చుకోండి. కానీ ఆవిడ దగ్గర వద్దు.

మరిచాను, ఆ పాప పేరు రసీదులో తప్పు పడిందన్నారు. దిద్దారా? మీ రిజిస్టరులోకీ, పరీక్ష దరఖాస్తులోకీ అక్కడి నుంచే ఎక్కుతుంది. రేపు ఆ సర్టిఫికెట్టు తీయడానికి బీరువా తెరిచినప్పుడు రసీదు పుస్తకం కూడా బయటికి తీయండి.