‘మధుకేశ్వరాలయంను నిర్మించారు’: ఈ ‘ను’ అవసరమా?

సందేహం: మాది పర్లాకిమిడి. మిత్రులం కలిసి ఒక చారిత్రక వ్యూహాల వీడియో గేమ్‌కు తెలుగు పాఠం రాస్తున్నాం. రాజ్యాలు పోటీపడి కట్టే ‘వరల్డ్ వండర్స్’లో కోణార్క్‌ను, శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం గుడిని (మధుకేశ్వరాలయం) కొత్తగా చేరుస్తున్నాం. వీటిని ‘వింత’ అనాలా, ‘అద్భుతం’ అనాలా? ఇంకొకటి. కట్టడం పూర్తవగానే తెరమీద ‘కళింగులు మధుకేశ్వరాలయంను నిర్మించారు’ అని వస్తోంది. చదివితే ఎబ్బెట్టుగా ఉంది.

సమాధానం: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది, బాబూ. ముందు ఆ ‘ను’ సంగతి చూద్దాం. ప్రోగ్రాంలో వాక్యం ఒక్కటే, పేర్లు మారుతుంటాయి. ‘చైనా గోడ’కు ‘ను’ చక్కగా అతుకుతుంది. గుడి వస్తే ‘గుడిని’ కావాలి, ఆలయం వస్తే ‘ఆలయాన్ని’ కావాలి. అయితే ఇక్కడ ఆ ప్రత్యయమే అక్కర్లేదు. మనం ‘ఇల్లు కట్టాడు’, ‘చెరువు తవ్వించాడు’ అంటాం. ‘ఇంటిని కట్టాడు’ అనం. ప్రాణంలేని వాటికి ద్వితీయా విభక్తి (ని, ను) బదులు ప్రథమ రావడం మన నుడికారం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి సూత్రమే ఉంది. ‘ను’ తీసేయండి. ‘కళింగులు మధుకేశ్వరాలయం నిర్మించారు’ అచ్చమైన తెలుగు వాక్యం.

‘కు’తోనూ ఇదే చిక్కు. ‘ఆలయంకు రాయి కావాలి’ తప్పు, ‘ఆలయానికి’ అనాలి. ‘ఆలయం కోసం’, ‘గుడి కోసం’ అంటే మాత్రం పేరు మారదు. బహువచనం దగ్గర ఇదీ చెల్లదు: ‘బాబిలోను వేలాడే తోటలు కోసం’ అనలేం, ‘తోటల కోసం’ అనాలి. అందుకని ప్రతి పేరుకూ రెండో రూపం కూడా రాసిపెట్టుకునే వీలు కల్పించమని ప్రోగ్రాం రాసే మిత్రుణ్ణి అడగండి. ‘తోటలు’ పక్కన ‘తోటల’, ‘ఆలయం’ పక్కన ‘ఆలయాని’. అప్పుడు ‘కి’ కూడా ధైర్యంగా తగిలించవచ్చు.

‘ఏడు వింతలు’ అందరి నోటా నలిగిన మాటే కాబట్టి జాబితా పైన ‘ప్రపంచ వింతలు’ అని పెట్టుకోవచ్చు. ఒక్కదాన్నే ‘వింత’ అంటే మాత్రం విడ్డూరమన్న అర్థం ముందుకొస్తుంది. బొత్తాం మీద ‘అద్భుత కట్టడం’ అని రాయండి.

‘కోణార్క్’ కంటే ‘కోణార్కం’ నయం. కోణ, అర్క పదాలకు సవర్ణదీర్ఘసంధి జరిగిన పేరది. మీ ఊళ్లో ఒడియా వాళ్లు చివరి అచ్చును పలుకుతారు కదా, మనం ఎందుకు పొల్లు చేయాలి?

‘ముఖలింగం గుడి’ అంటే ఏ గుడి? మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, ముగ్గురి గుళ్లూ అక్కడున్నాయి. పేరుగా మధుకేశ్వరాలయాన్నే ఉంచి, ముఖలింగాన్ని వర్ణనలోకి తీసుకోండి. స్వామి ఇప్పచెట్టులో వెలిశాడన్న సవర గిరిజనుల కథ కూడా అక్కడే చెప్పవచ్చు. మధూకం అంటే ఇప్పే.

వర్ణనల్లో ‘నిర్మింపబడెను’, ‘నిర్మించబడింది’ రానివ్వకండి. ముఖలింగం శాసనాలు చదివిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుక తెలుగు కోసం ఆయన అంత పోరాడాక మీరు మళ్లీ గ్రాంథికంలోకి వెళ్లడం నాకు బాధగా ఉంటుంది. కోణార్కం గురించి ‘24 చక్రాల ఈ రాతిరథాన్ని 13వ శతాబ్దంలో మొదటి నరసింహదేవుడు కట్టించాడు’ అంటే చాలు. ఇక్కడ ‘ఈ’ అని ప్రత్యేకించి చూపుతున్నాం కనుక ‘రథాన్ని’ అనడమే సహజం.